రోమియో జూలియెట్ కథలో పెద్దల బాధ్యత: మసూచ్చో నుంచి షేక్‌స్పియర్ దాకా మారిన తీర్పు

వ్యాససంగ్రహం

రోమియో, జూలియెట్ల మరణానికి బాధ్యులెవరన్న ప్రశ్నకు ఆ కథ చెప్పిన రచయితలు ఒకే జవాబు ఇవ్వలేదు. 15వ శతాబ్ది ఇటలీలో మొదలై, ఫ్రాన్సు మీదుగా 16వ శతాబ్ది ఇంగ్లాండుకు చేరిన ఈ కథలో చివరి విచారణఘట్టం ఎలా రూపుకట్టిందో, అందులో శిక్ష ఎవరిమీద పడిందో, షేక్‌స్పియర్ ఆ శిక్షలను తొలగించడంవల్ల పెద్దల బాధ్యత ఎటు మళ్ళిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రహస్యవివాహాల గురించి ఆనాటి ఐరోపా చట్టాలు చెప్పిన విషయాలను ఇందుకు నేపథ్యంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: రోమియో జూలియెట్, షేక్‌స్పియర్, ఆర్థర్ బ్రూక్, బోయిస్తువో, రహస్యవివాహం, వంశవైరం, విచారణ

1. ఉపోద్ఘాతం

రోమియో జూలియెట్ నాటకం ప్రేమికుల మరణంతో ముగియదు. జూలియెట్ కత్తితో పొడుచుకుని ఒరిగిపోయిన తరువాత కూడా రంగస్థలం మీద చాలాసేపు మాటలు సాగుతాయి. కావలివాళ్ళు వస్తారు. నిద్రలేచి ప్రభువు ఎస్కలస్ వస్తాడు. ఇరుకుటుంబాల పెద్దలూ చేరుకుంటారు. సమాధి దగ్గర పట్టుబడిన సన్యాసి లారెన్స్‌ను, రోమియో సేవకుణ్ణి, పారిస్ వెంట వచ్చిన కుర్రవాణ్ణి ప్రభువు ఒకరి తరువాత ఒకరిని ప్రశ్నిస్తాడు. రోమియో తన తండ్రికి రాసిపెట్టిన ఉత్తరాన్ని అడిగి తీసుకుని చూస్తాడు. సాక్షులు, వాంగ్మూలాలు, రాతపూర్వకమైన ఆధారం, న్యాయాధికారి: ఒక మరణవిచారణకు కావలసినవన్నీ ఆ ఘట్టంలో ఉన్నాయి. లేనిది తీర్పు ఒక్కటే. కొందరికి క్షమాభిక్ష, కొందరికి శిక్ష ఉంటుందని మాత్రం చెప్పి ప్రభువు ఊరుకుంటాడు. ఎవరికి ఏది అన్నది నాటకం చెప్పదు.

ఈ మౌనం ఏమరుపాటు కాదు. షేక్‌స్పియర్ ముందు పెట్టుకుని రాసిన మూలకావ్యంలో శిక్షలు పేరుపేరునా ఉన్నాయి. ఒకరికి దేశబహిష్కారం, ఒకరికి ఉరి, ఇద్దరికి విడుదల. ఆ జాబితాను ఆయన చూశాడు, వాడుకోలేదు. పెద్దల బాధ్యతను గురించిన చర్చ ఈ తొలగింపు దగ్గరే మొదలుకావాలి.

సామాన్యవ్యవహారంలో ఈ కథకు దొరికే వివరణలు రెండే: విధి వక్రించింది, లేదా వయసు తొందరపెట్టింది. తెలుగులో ‘రోమియో’ అనే పేరు ఆడపిల్లల వెంటపడే కుర్రవాడికి ఎగతాళిపేరుగా స్థిరపడిపోవడం గమనించదగినది. కాపులెట్, మాంటెగూ అనే ఇంటిపేర్లు మాత్రం ఏ భాషలోనూ తిట్టుగా మారినట్లు కనిపించదు. వైరాన్ని పెంచి పోషించినవాళ్ళ పేర్లు మరుగునపడి, దానికి బలైనవాడి పేరు అపహాస్యానికి మిగిలింది.

2. షేక్‌స్పియర్‌కు ముందు: కథ మారినకొద్దీ మారిన దోషి

ఈ కథకు సన్నిహితమైన తొలిరూపాల్లో ముఖ్యమైనది మసూచ్చో సలెర్నితానో కథాసంపుటిలో ఉంది. 1476లో అచ్చయిన ‘ఇల్ నొవెల్లీనో’లో అది ముప్పైమూడవ కథ. స్థలం సియెనా నగరం. నాయికానాయకులు గనోజ్జా, మరియొత్తో. ఇక్కడ వంశవైరం లేదు. ఇద్దరూ ఒక సన్యాసికి డబ్బిచ్చి రహస్యంగా పెళ్ళి చేయించుకుంటారు. ఒక నగరవాసిని చంపిన కారణంగా నాయకుడు అలెగ్జాండ్రియాకు వెళ్ళిపోవలసివస్తుంది. తండ్రి వేరే సంబంధం కుదర్చడంతో గనోజ్జా మత్తుమందు తాగుతుంది. ఆమె పంపిన దూతను సముద్రపుదొంగలు పట్టుకుంటారు. ఆమె మరణించిందని నమ్మి తిరిగివచ్చిన మరియొత్తో సమాధి తెరవబోయి పట్టుబడతాడు. న్యాయస్థానం అతనికి శిరచ్ఛేదం విధిస్తుంది. అంటే తొలిరూపంలో చట్టం శిక్షించింది ప్రేమికుణ్ణే. లంచం తీసుకుని పెళ్ళి చేసిన సన్యాసి గాని, కూతురి మనసు తెలుసుకోని తండ్రి గాని న్యాయం దృష్టికి రానేలేదు.

1530 ప్రాంతంలో లూయిజీ దా పోర్తో ఈ కథను వెరోనాకు మార్చాడు. బార్తొలొమెయో దెల్లా స్కాలా పాలనాకాలంలో జరిగినట్లు చెప్పి, ప్రేమికులకు రోమియో, జులియెత్తా అనే పేర్లు పెట్టాడు. మొంతెక్కీ, కప్పెల్లెత్తి అనే కుటుంబాల వైరాన్ని జోడించాడు. ఈ రెండు పేర్లూ అంతకుముందే దాంతే ‘పుర్గతోరియో’ ఆరవసర్గలో కనిపిస్తాయి. అక్కడ అవి ప్రేమకథకు సంబంధించినవి కావు. ఇటలీని చీల్చిన రాజకీయవర్గాలకు ఉదాహరణలుగా వచ్చాయి. దా పోర్తో ఆ పేర్లను తెచ్చి ఒకే ఊళ్ళో ఎదురెదురు ఇళ్ళలో నిలబెట్టాడు. దానితో కథలో పెద్దలకు ఒక నేరం ఏర్పడింది. అప్పటిదాకా కూతురికి పెళ్ళి చేయాలనుకున్న ఒక సామాన్యతండ్రి మాత్రమే ఉన్నచోట, ఊరినంతా గాయపరిచే తరతరాల పగ వచ్చి చేరింది.

దా పోర్తో చేసిన మరొక మార్పు సూక్ష్మమైనది. రోమియో దూరమయ్యాక జులియెత్తా ఏడుస్తూ కూర్చుంటే, ఈడువచ్చిన పిల్లకు పెళ్ళి కాలేదన్న దిగులేమోనని తల్లి అనుకుంటుంది. అందుకే సంబంధాలు చూడమని భర్తకు చెబుతుంది. తల్లిదండ్రుల నిర్ణయంలో క్రౌర్యం లేదు, ఆరాటమే ఉంది. కూతురి దుఃఖానికి వాళ్ళు వెతికిన మందు కూతురి ప్రాణం తీసింది. ఈ అపార్థం తరువాతి రూపాలన్నిటిలోనూ ఏదో ఒక విధంగా నిలిచింది.

మత్తెయో బాండెల్లో 1554లో ప్రకటించిన రూపంలో వృద్ధురాలైన దాదికి ప్రముఖమైన పాత్ర ఏర్పడింది. ఆయన కథలో సన్యాసికీ, సేవకుడికీ క్షమ లభిస్తుంది. ఇరుకుటుంబాలూ రాజీపడతాయి. ఆ రాజీ ఎక్కువకాలం నిలవలేదన్న ఒక చిన్నవాక్యం కూడా బాండెల్లో చేర్చాడు. పిల్లల చావు పెద్దల్ని శాశ్వతంగా మార్చగలదన్న నమ్మకం ఆయనకు ఉన్నట్లు లేదు.

శిక్షల జాబితా ఫ్రాన్సులో పుట్టింది. పియెర్ బోయిస్తువో 1559లో బాండెల్లో కథను ఫ్రెంచిలోకి తెచ్చి, ముగింపులో ఒక న్యాయనిర్ణయాన్ని చేర్చాడు. వివాహాన్ని యజమాని దగ్గర దాచిపెట్టినందుకు దాదిని దేశంనుంచి వెళ్ళగొడతారు. విషం అమ్మినవాణ్ణి పట్టుకుని ఉరితీస్తారు. సేవకుడు పియెత్రోను విడిచిపెడతారు. సన్యాసి పూర్వసేవలవల్ల నిర్దోషిగా బయటపడి, తనంతట తానే ఏకాంతాశ్రమానికి వెళ్ళిపోతాడు. తండ్రులకు ఏ శిక్షా లేదు. వాళ్ళు ఏడ్చి, కౌగిలించుకుని రాజీపడతారు.

3. దాది ఎందుకు దోషి అయింది?

ఈ తీర్పును అర్థం చేసుకోవాలంటే ఫ్రాన్సులో అంతకు రెండు మూడేళ్ళముందు జరిగిన విషయం చూడాలి. మధ్యయుగాల క్రైస్తవధర్మశాస్త్రం ప్రకారం వివాహానికి ప్రాణం వధూవరుల పరస్పరాంగీకారం. అమ్మాయికి 12, అబ్బాయికి 14 ఏళ్ళు నిండి, ఇద్దరూ వర్తమానకాలంలో ఒకరినొకరు స్వీకరిస్తున్నామని పలికితే అది వివాహమే. తల్లిదండ్రుల అనుమతి లేకున్నా, పురోహితుడు లేకున్నా చెల్లుతుంది. అలా చేసుకోవడం దోషమే కాని, చేసుకున్న పెళ్ళి రద్దు కాదు. ఆస్తిని, వంశప్రతిష్ఠను వివాహాలతో కట్టిపెంచుకునే ఉన్నతకుటుంబాలకు ఈ సూత్రం గొంతులో ముల్లువంటిది.

ఫ్రాన్సు సేనాధిపతి మోంమొరెన్సీ కుమారుడు తండ్రికి తెలియకుండా ఒక యువతికి మాట ఇచ్చిన ఉదంతం పెద్దదైన సందర్భంలో, రెండవ హెన్రీ రాజు 1556 నాటి శాసనం తెచ్చాడు. దాని ప్రకారం 30 ఏళ్ళలోపు కొడుకులు, 25 ఏళ్ళలోపు కూతుళ్ళు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పెళ్ళి చేసుకుంటే వారసత్వం పోగొట్టుకోవచ్చు. అటువంటి పెళ్ళికి సలహా, సాయం ఇచ్చినవారినీ శిక్షించవచ్చు. బోయిస్తువో కథ అచ్చయినది ఈ శాసనం వచ్చిన కొద్దికాలానికే. పెళ్ళిని దాచిన దాదికి బహిష్కారం విధించిన ఆ ముగింపు, కొత్త శాసనం ఇంట్లో పనిచేసే మనిషిమీద పడిన నీడలా కనిపిస్తుంది. వైరం నడిపిన తండ్రులు ఏ చట్టానికీ దొరకరు, వాళ్ళ అన్నం తినే దాది దొరికింది.

ట్రెంట్ మతమహాసభ 1563లో రహస్యవివాహాలను అడ్డుకుంటూ, పురోహితుడి సమక్షం, ఇద్దరు ముగ్గురు సాక్షులు తప్పనిసరి చేసింది. తల్లిదండ్రుల సమ్మతిని మాత్రం వివాహం చెల్లడానికి షరతుగా పెట్టలేదు. ప్రొటెస్టెంటు ఇంగ్లాండుకు ఈ నిర్ణయం వర్తించలేదు. అక్కడ పాత సూత్రమే సాగింది. 21 ఏళ్ళలోపువారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 1604 నాటి మతనియమావళి చెప్పినా, దానిని మీరిన పెళ్ళి చెల్లకుండా పోలేదు. ఆ మార్పు రావడానికి హార్డ్‌విక్ చట్టం, అంటే 1753 దాకా ఆగవలసివచ్చింది. కాబట్టి 1590ల లండన్ ప్రేక్షకుడి దృష్టిలో రోమియో, జూలియెట్లది పిల్లల ఆట కాదు, విడదీయరాని వివాహం. జూలియెట్‌ను మళ్ళీ పారిస్‌కు కట్టబెట్టడమంటే భర్త బతికుండగా ఇంకొకరితో పెళ్ళి. ఈ సంగతి కాపులెట్‌కు తెలియదు, దాదికీ సన్యాసికీ తెలుసు. పెద్దల బాధ్యతను తూచేటప్పుడు ఈ తేడాను మరువకూడదు.

4. బ్రూక్ పద్యం, దానికి తగిలించిన ముందుమాట

బోయిస్తువో కథను ఆర్థర్ బ్రూక్ 1562లో ఇంగ్లీషు పద్యకావ్యంగా మార్చాడు. విలియం పెయింటర్ 1567లో వచనానువాదం వెలువరించాడు. షేక్‌స్పియర్‌కు ప్రధానాధారం బ్రూక్ కావ్యం. దానికి పాఠకులనుద్దేశించిన ఒక ముందుమాట ఉంది. తల్లిదండ్రుల అధికారాన్ని, పెద్దల సలహాను పక్కనపెట్టి, వదరుబోతు ముసలమ్మలతోనూ మూఢవిశ్వాసపు సన్యాసులతోనూ ఆలోచన చేసి, కామానికి లొంగి నాశనమైన జంటగా ప్రేమికులను అది నిందిస్తుంది. ప్రొటెస్టెంటు ఇంగ్లాండులో కాథలిక్ సన్యాసిని తప్పుపట్టడం సులభం. కావ్యంలోకి వెళ్ళగానే స్వరం మారిపోతుంది. కవి ప్రేమికులపట్ల జాలిపడతాడు, సన్యాసిని మంచివాడిగా, పండితుడిగా వర్ణిస్తాడు. ముందుమాట రాసిన చేయి, పద్యం రాసిన చేయి ఒకటే అనిపించదు. బహుశా ముందుమాట కాలానికి చెల్లించిన సుంకం.

ముగింపులో బ్రూక్ బోయిస్తువో శిక్షలను అలాగే ఉంచాడు. దాదికి బహిష్కారం, సేవకుడికి విడుదల, మందులమ్మినవాడికి ఉరి. సన్యాసి వెరోనాకు దూరంగా ఆశ్రమంలో ఐదేళ్ళు బతికి మరణిస్తాడు. కింది అంతస్తులో ఉన్నవాళ్ళకు తాడు, పై అంతస్తులో ఉన్నవాళ్ళకు పాలరాతి సమాధి.

5. షేక్‌స్పియర్ తగ్గించిన వయసు, కుదించిన కాలం

నాటకం 1590ల నడుమ రాసినదిగా భావిస్తారు. తొలి ముద్రణ 1597, మరింత మెరుగైన ప్రతి 1599. షేక్‌స్పియర్ చేసిన మార్పులలో రెండు పెద్దల బాధ్యతను నేరుగా తాకుతాయి.

మొదటిది వయసు. దా పోర్తో, బాండెల్లోల నాయికకు 18 నిండబోతున్నాయి. బ్రూక్ ఆమెకు ఇంకా పదహారు నిండలేదన్నాడు. షేక్‌స్పియర్ ఆమెను పదమూడేళ్ళ పిల్లను చేశాడు. జూలై నెలాఖరు రాత్రికి పద్నాలుగు నిండుతాయని దాది లెక్కపెట్టి మరీ చెబుతుంది. ఆనాటి ఇంగ్లాండులో ఆడపిల్లలకు అంత చిన్నవయసులో పెళ్ళిళ్ళు జరిగేవన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ 1965లో ఈ నాటకాన్నే ఉదాహరణగా తీసుకుని దానిని ఖండించాడు. చర్చి రికార్డుల ప్రకారం సామాన్యకుటుంబాల స్త్రీలు సగటున ఇరవైల నడుమ పెళ్ళాడేవారు. ఉన్నతవంశాలలో ముందే జరిగినా పదమూడు అక్కడా అరుదే. కాబట్టి ఆ వయసు విన్న ప్రేక్షకుడికి ‘ఇది మామూలే’ అనిపించి ఉండదు.

ఆ సంగతి కాపులెట్‌కు కూడా తెలుసు. మొదటి అంకంలో పారిస్ పిల్లనడిగినప్పుడు అతడు తొందరపడడు. ఇంకా రెండు వేసవులు ఆగమంటాడు. ఆమె కంటే చిన్నవాళ్ళు తల్లులయ్యారు కదా అని పారిస్ అంటే, అలా తొందరగా తల్లులైనవాళ్ళు తొందరగానే వాడిపోతారని బదులిస్తాడు. ముందు ఆమె మనసు గెలుచుకో, నా సమ్మతి ఆమె సమ్మతిలో ఒక భాగమేనని చెబుతాడు. నాటకంలో ఇంతకంటే వివేకమైన తండ్రిమాట లేదు. అదే కాపులెట్ మూడవ అంకంలో, కూతురిని ఒక్కమాట అడగకుండా, సోమవారం రాత్రి కూర్చుని గురువారం పెళ్ళి ఖాయం చేస్తాడు. ఆమె కాదంటే వీధిలో అడుక్కుతిని ఆకలితో చావమని, ఇకపై తన బిడ్డ కాదని అంటాడు. తరువాత పశ్చాత్తాపం నటించిన కూతురిని చూసి పొంగిపోయి, పెళ్ళిని మరో రోజు ముందుకు, బుధవారానికి జరుపుతాడు.

అతడిని దుర్మార్గుడిగా మాత్రమే చూస్తే షేక్‌స్పియర్ చూపినది అందదు. మేనల్లుడు టైబాల్ట్ చావుకు ఇల్లు శోకంలో ఉంది. కూతురు ఏడుపు మానడంలేదు. ఆ కన్నీటి వరదను ఆపడానికే తండ్రి పెళ్ళి తొందరపెట్టాడని పారిస్ స్వయంగా సన్యాసితో చెబుతాడు. దా పోర్తోలోని తల్లి అపార్థం ఇక్కడ తండ్రికి బదిలీ అయింది. దానికి తోడు పారిస్ ప్రభువుకు బంధువు. నగరంలో రక్తపాతం జరిగిన రోజునే ప్రభువుతో వియ్యం కలిస్తే ఆ ఇంటికి ఎంత బలమో విడమరచి చెప్పనక్కరలేదు. ప్రేమ, పరువు, లెక్క మూడూ కలిసిన నిర్ణయం అది. తాను మొదట్లో పెట్టిన షరతును, అంటే కూతురి సమ్మతిని, తానే మరిచిపోవడం కాపులెట్ చేసిన తప్పు.

రెండవది కాలం. బ్రూక్ కావ్యంలో కథ నెలల తరబడి సాగుతుంది. పెళ్ళయ్యాక ప్రేమికులు ఒకటి రెండు నెలలు రహస్యంగా కలుసుకుంటూ సుఖంగా ఉంటారు. షేక్‌స్పియర్ అంతటినీ ఆదివారం ఉదయం నుంచి గురువారం తెల్లవారుజాము దాకా కుదించాడు. దీనిని పిల్లల తొందరకు ప్రతీకగా చెప్పడం పరిపాటి. గడియారాన్ని ముందుకు తిప్పిన చేతులు ఎవరివో చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. పెళ్ళికి తొందరపడినవాళ్ళు ప్రేమికులే, నిజమే. ఆ తరువాత రోమియోకు వెంటనే బహిష్కారం విధించినది ప్రభువు. గురువారాన్ని, ఆపైన బుధవారాన్ని నిర్ణయించినది కాపులెట్. సన్యాసి వేసిన పథకానికి కావలసినది కాస్త వ్యవధి. పెళ్ళి సంగతి మెల్లగా బయటపెట్టి, ఇరువర్గాలను శాంతింపజేసి, ప్రభువు క్షమాభిక్ష పొందుదామని అతడు రోమియోతో అన్నాడు. ఆ వ్యవధిని హరించినవాళ్ళు పెద్దలే.

వైరం విషయంలోనూ ఇదే ద్వంద్వం. ముసలివాళ్ళకు శాంతిగా ఉండటం కష్టమేమీ కాదని కాపులెట్ పారిస్‌తో అంటాడు. విందులో రోమియోను గుర్తుపట్టి కత్తి అడిగిన టైబాల్ట్‌ను గద్దించి, ఆ కుర్రవాడికి ఊళ్ళో మంచిపేరుంది, నా ఇంట్లో అవమానం జరగడానికి వీల్లేదని ఆపుతాడు. అంటే వైరాన్ని ఆపగల శక్తి అతడికి ఉంది, ఆ రాత్రి ఆపాడు కూడా. తన మర్యాదకు భంగమనిపించినప్పుడు ఆపినవాడు, ఊరి క్షేమంకోసం ఆపలేదు. ఈ పగకు కారణమేమిటో నాటకం ఎక్కడా చెప్పదు. మొదటి దృశ్యంలో సేవకులు మొదలుపెట్టిన గొడవలోకి ఇద్దరు ముసలి యజమానులు కత్తులు కావాలంటూ దూసుకురావడం, భార్యలు వాళ్ళను వెనక్కి లాగడం నవ్వు తెప్పించే సన్నివేశమే. చివరి దృశ్యం గుర్తుకొస్తే ఆ నవ్వు నిలవదు.

6. సాయపడినవాళ్ళు

దాది నేరం నాటకంలో పెళ్ళిని దాచడం కాదు. తండ్రి శాపనార్థాలు పెట్టి, తల్లి మొగం తిప్పుకుని వెళ్ళిపోయాక, జూలియెట్ దాదివైపు తిరిగి ఓదార్పు అడుగుతుంది. రోమియో ఇక తిరిగిరాడు, పారిస్ అంతకంటే మంచి వరుడు, అతణ్ణి చేసుకోమని దాది సలహా ఇస్తుంది. తాను దగ్గరుండి జరిపించిన పెళ్ళిని తానే లేనట్టు మాట్లాడింది. పదమూడేళ్ళ పిల్ల నిజంగా ఒంటరిదైన క్షణం అదే. ఆ తరువాత ఆమె ఏ ఆడదిక్కునూ నమ్మదు. అయితే దాది స్థానం కూడా చూడాలి. యజమాని అప్పుడే ఆమెను నోరుమూసుకోమని తరిమాడు. నిజం చెబితే ఉద్యోగం, ఆశ్రయం రెండూ పోతాయి. బోయిస్తువో ఆమెకు విధించిన బహిష్కారాన్ని షేక్‌స్పియర్ మానుకోవడంలో ఈ గమనిక ఉన్నట్టుంది.

సన్యాసి లారెన్స్ ఉద్దేశం మంచిది. ఈ పెళ్ళివల్ల ఇరుకుటుంబాల పగ ప్రేమగా మారుతుందన్న ఆశతో ఒప్పుకుంటాడు. మసూచ్చో సన్యాసిలా డబ్బుకు కాదు. ప్రభువు చేయవలసిన శాంతిస్థాపనను అతడు ఇద్దరు పిల్లల భుజాలమీద పెట్టాడు. టైబాల్ట్ చనిపోయిన సోమవారమే ప్రభువు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పే అవకాశం అతనికి ఉంది, చెప్పలేదు. పారిస్‌తో పెళ్ళి అని తెలిశాక కాపులెట్‌కు చెప్పవచ్చు, చెప్పలేదు. బదులు మత్తుమందు ఇచ్చాడు. మాంటువాకు ఉత్తరం తీసుకెళ్ళవలసిన తోటిసన్యాసిని మహమ్మారి అనుమానంతో ఆరోగ్యాధికారులు ఒక ఇంట్లో బంధించి తలుపులు మూశారు. 1592–94లో ప్లేగు వచ్చి నాటకశాలలు మూతబడటం చూసిన లండన్ ప్రేక్షకుడికి ఇది కేవలం విధిలీలగా కనిపించి ఉండదు. మహమ్మారి కాలంలో ఒకే ఒక్క ఉత్తరంమీద ఒక ప్రాణాన్ని వేలాడదీయడం ఎంత ప్రమాదమో అతడికి అనుభవమే.

అన్నిటికంటే బరువైనది సమాధిలో అతడి ప్రవర్తన. జూలియెట్ మేల్కొంది, పక్కన భర్త శవం ఉంది. కావలివాళ్ళ అలికిడి విని సన్యాసి భయపడి, రమ్మని పిలిచి, ఆమె రానంటే వదిలిపెట్టి వెళ్ళిపోతాడు. విచారణలో అతడు అంతా చెబుతాడు, తన తప్పుంటే ఈ ముసలిప్రాణం తీసుకోమంటాడు. తాను పారిపోయిన సంగతిని మాత్రం, అలికిడికి బెదిరి బయటికి వచ్చానన్న ఒక్కమాటలో దాటవేస్తాడు. ప్రభువు అతణ్ణి పుణ్యాత్ముడిగానే ఎరుగుదుమని అంటాడు.

7. విషం అమ్మినవాడు

మాంటువాలోని మందుల వ్యాపారి నాటకంలో ఒకే ఒక్క దృశ్యంలో కనిపిస్తాడు. షేక్‌స్పియర్ అతడి దుకాణాన్ని వర్ణించడానికి చాలా పంక్తులు వెచ్చించాడు. ఖాళీపెట్టెలు, ఎండిన గులాబిరేకుల ఉండలు, వేలాడదీసిన తాబేలు, చిరిగిన బట్టలు. విషం అమ్మితే మరణశిక్ష అని అతడికి తెలుసు, చెబుతాడు కూడా. రోమియో నలభై డకాట్లు చూపి, లోకమూ లోకధర్మమూ నీకు మిత్రులు కారని ఒప్పిస్తాడు. తన మనసు కాదు, తన పేదరికం ఒప్పుకుంటోందని అతడు విషం ఇస్తాడు. నేను నీకిచ్చిన బంగారమే నువ్వు నాకిచ్చిన దానికంటే చెడ్డ విషమని రోమియో అంటాడు.

బ్రూక్ కావ్యంలో ఉరికంబమెక్కినది ఇతడే. అక్కడ అతడు యాభై బంగారునాణేలకు ఆశపడిన మనిషి. షేక్‌స్పియర్ అతడికి ఆకలిని ఇచ్చి, ఉరిని తీసేశాడు. విచారణఘట్టంలో మందుల వ్యాపారి ప్రస్తావన ఒకసారి వస్తుంది. రోమియో ఉత్తరంలో ఒక పేదవాడి దగ్గర విషం కొన్నట్లు ఉందని ప్రభువు చెబుతాడు. అతణ్ణి పట్టుకురమ్మని మాత్రం ఆజ్ఞాపించడు. మాంటువా అతని పాలనలోనిది కాదన్నది ఒక కారణం కావచ్చు. బ్రూక్‌కు ఆ అడ్డంకి ఎదురుకాలేదు.

8. తీర్పులేని విచారణ

ఆనాటి ఇంగ్లాండు చట్టంలో ఆత్మహత్య నేరం. మరణవిచారణాధికారి సమక్షంలో జూరీ విచారించి, మతి స్థిమితంగా ఉండి చేసుకున్నాడని తేలిస్తే, అతడి సొత్తు రాజుపరమవుతుంది. క్రైస్తవ ఖననం దక్కదు. ‘హామ్లెట్’లో ఒఫీలియా అంత్యక్రియల వివాదం ఈ చట్టాన్ని గుర్తుచేస్తుంది. అటువంటి చట్టం కింద బతికిన ప్రేక్షకుడు వెరోనా విచారణను చూసినప్పుడు, ప్రశ్న చనిపోయినవాళ్ళ నేరం గురించి ఉంటుందని ఎదురుచూసి ఉండవచ్చు. ప్రభువు ఆ ప్రశ్న వేయనే వేయడు. అతడు అడిగేవన్నీ బతికున్నవాళ్ళ గురించే. ఎవరికి ఏమి తెలుసు, ఎప్పుడు తెలుసు, ఏమి చేశారు.

ఆ విచారణ చివరికి న్యాయాధికారి మీదికే తిరుగుతుంది. కాపులెట్, మాంటెగూలను పిలిచి, మీ పగమీద పడిన కొరడాదెబ్బ ఇదిగో చూడండని అంటూనే, మీ గొడవలను చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు తానూ ఇద్దరు బంధువులను పోగొట్టుకున్నానని ప్రభువు ఒప్పుకుంటాడు. మెర్క్యూషియో, పారిస్ ఇద్దరూ అతడి రక్తసంబంధీకులు. అంతకుముందే మూడుసార్లు వీధిపోరాటాలు జరిగాయని మొదటి దృశ్యంలో అతడే అన్నాడు. ఆ రోజు మరణశిక్ష బెదిరింపు తప్ప చర్య లేదు. మరుసటి పోరాటంలో ఇద్దరు చచ్చారు. బ్రూక్ కావ్యంలోని ప్రభువు శిక్ష విధించే స్థానంలోనే ఉండిపోయాడు. షేక్‌స్పియర్ ప్రభువు శిక్ష పడినవాళ్ళ వరుసలో తననూ నిలబెట్టుకుని, అందరికీ శిక్ష పడిందంటాడు. పెద్దలెవరూ చట్టం ముందు నిలబడనిచోట ఒక పెద్ద తనకు తాను నేరం అంటగట్టుకున్నాడు. దాదినో మందుల వ్యాపారినో ఉరితీసి లెక్క తేల్చుకునే వీలు ఇక ఆ ఘట్టంలో మిగలలేదు.

తండ్రుల విషయం చెప్పాలి. ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు. జూలియెట్‌కు బంగారుప్రతిమ నిలుపుతానని మాంటెగూ అంటే, రోమియోకూ అంతటిదే నిలుపుతానని కాపులెట్ అంటాడు. శాంతిమాటల్లో కూడా పోటీ పోలేదు. మాంటెగూ భార్య కొడుకు బహిష్కారానికి కుమిలి ఆ రాత్రే చనిపోయిందన్న వార్త అంతకు కాస్త ముందే వింటాం. నాటకంలో ఆమె మాట్లాడినది బహుస్వల్పం.

9. తరువాతి రంగస్థలంలో విచారణ ఏమైంది?

ఈ ఘట్టం తరువాతి కాలానికి బరువనిపించింది. నాటకారంభంలోని ప్రస్తావనపద్యం నక్షత్రాల కీడునూ, తల్లిదండ్రుల కోపాన్నీ రెండింటినీ పేర్కొంటుంది. 1623 నాటి ఫోలియో ముద్రణలో ఆ పద్యమే లేదు. 1748లో డేవిడ్ గారిక్ లండన్‌లో ప్రదర్శించిన రూపంలో జూలియెట్ వయసు 18కి పెరిగింది. పదమూడేళ్ళ పిల్లను పెళ్ళికి తోసిన తండ్రి నేరం దానితో తేలికపడింది. అదే గారిక్, థామస్ ఆట్వే 1679 నాటకంనుంచి స్ఫూర్తి పొంది, రోమియో ప్రాణం పోకముందే జూలియెట్ మేల్కొని ఇద్దరూ మాట్లాడుకునేలా మార్చాడు. మరణవేదనలో రోమియో తండ్రుల గుండెలు రాళ్ళని వాపోతాడు. వయసు పెంచి తీసేసిన నిందను గారిక్ ఆ వాక్యంతో తిరిగి చేర్చినట్లయింది. ఆ రూపం దాదాపు ఒక శతాబ్దం రంగస్థలాన్ని ఏలింది.

19వ శతాబ్దిలో జూలియెట్ ఒరిగిపోగానే తెరదించడం చాలా ప్రదర్శనల్లో మామూలైంది. సన్యాసి వాంగ్మూలం, ఉత్తరం, ప్రభువు ఒప్పుకోలు అన్నీ అందులో కొట్టుకుపోయాయి. 1867లో గూనో రాసిన ఫ్రెంచి సంగీతనాటకం ప్రేమికులు దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ మరణించడంతో ముగుస్తుంది. అక్కడ క్షమాపణ అడిగినది పిల్లలు, పెద్దలు రంగంమీదికి రానేలేదు. 1968లో ఫ్రాంకో జెఫిరెల్లీ సినిమా పిల్లల వయసుకు దగ్గరగా ఉన్న నటీనటులను తీసుకుని, షేక్‌స్పియర్ ఉద్దేశించిన పసితనాన్ని తెరమీదికి తెచ్చింది. ఆ సినిమాలో ప్రభువు గద్దింపు ఉంది, సన్యాసి సుదీర్ఘవాంగ్మూలం లేదు. బ్రూక్ ఉరితీసిన, షేక్‌స్పియర్ వదిలిపెట్టిన మాంటువా మందుల వ్యాపారి ఆ సినిమాలో అసలు కనిపించడు.